కీటోన్ రీడింగ్ బాగానే ఉంది, నడుము మాత్రం తగ్గట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

పటమట శ్రీను:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. వయసు 38, పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. కీటో, అంటే అన్నం, పంచదార మానేసి కొవ్వు ఎక్కువ తినే డైట్, మొదలుపెట్టినప్పుడు 94 కిలోలు ఉన్నాను. మొదటి మూడు వారాల్లోనే అయిదు కిలోలు దిగాను, మా అమ్మయితే ముఖం పీక్కుపోయింది ఆపెయ్యరా అని గొడవ. ఆ తర్వాత నెల పైన అయింది, 89 దగ్గరే అటూ ఇటూ ఆడుతోంది, బెల్టు కూడా అదే రంధ్రం దగ్గర ఆగిపోయింది.

నా అనుమానమంతా కీటోన్ల మీదే, అంటే ఒళ్లు కొవ్వుని వాడుకునేటప్పుడు కాలేయంలో తయారయ్యే పదార్థాల మీదే. మొదట్లో యూరిన్ స్ట్రిప్ వంకాయ రంగులో వచ్చేది. ఇప్పుడు లేత గులాబీ, ఒక్కోరోజు అదీ లేదు. జిమ్‌లో ఒకన్న ఉన్నాడు, ఆయన లెక్కలో రక్తంలో కీటోన్లు 1.5 దాటితేనే కొవ్వు కరుగుతుందట, 3 దగ్గర ఉంటే ఇంకా తొందరగా కరుగుతుందట. నీకు కొవ్వు చాలట్లేదు, కొబ్బరి నూనె పెంచు అన్నాడు. సరేనని రక్తంతో చూసే మీటరు కొన్నాను. పొద్దున పరగడుపున 0.6, 0.7 వస్తోంది. మూడు పూటలా తిండికి ముందు రెండేసి పెద్ద స్పూన్ల కొబ్బరి నూనె తాగడం మొదలుపెట్టాక మధ్యాహ్నం 1.8 దాకా ఎక్కుతోంది. మీటర్ మీద అంకె పెరుగుతుంటే హుషారుగా ఉంది కానీ బరువు అరకిలో కూడా కదల్లేదు, స్ట్రిప్పులకి డబ్బులు మాత్రం వదులుతున్నాయి.

తిండి సంగతి: పొద్దున బటర్ వేసిన కాఫీ, మూడు గుడ్ల ఆమ్లెట్. మధ్యాహ్నం చికెన్ వేపుడో చేపో, పక్కన పాలకూర, పనీర్. సాయంత్రం గుప్పెడు జీడిపప్పు. రాత్రి మళ్లీ గుడ్లు లేదా మటన్. అన్నం, రొట్టె, పంచదార ముట్టుకోవట్లేదు. ఆదివారం బిర్యానీలో ముక్కలు మాత్రమే. కీటోన్లు 2 పైన నిలబడాలంటే ఇంకేం చెయ్యాలి?

ఇంకో మాట. నన్ను చూసి మా నాన్నగారు కూడా మొదలెడతానంటున్నారు. ఆయనకి 66, షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. షుగర్ ఉన్నవాళ్లకి కీటో ఇంకా మంచిదంటారుగా, ఇదే పద్ధతి ఆయనకీ చెప్పొచ్చా?

అరండల్‌పేట ల్యాబ్:

శ్రీను గారూ, గుంటూరులో ల్యాబ్‌లో పని చేస్తాను, ఈ స్ట్రిప్పులు రోజూ చేతిలో ఉండేవే. ముందు మీ స్ట్రిప్ రంగు ఎందుకు తగ్గిందో చెప్తాను, ఎందుకంటే మీ టెన్షన్ అక్కడే మొదలైంది.

కీటోన్లు మూడు రకాలు. అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్, అసిటోన్. యూరిన్ స్ట్రిప్ మీద ఉండే మందు నైట్రోప్రస్సైడ్, అది అసిటోఅసిటేట్‌తో కలిస్తేనే ఊదా రంగుకి తిరుగుతుంది. రక్తంలో ఎక్కువ ఉండే బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ దానికి అసలు కనపడదు, దాన్ని చూసేది మీ మీటరు. కొత్తలో ఒంటికి అలవాటు లేక కీటోన్లు మూత్రంలో బోలెడు పోతాయి. కొన్ని వారాలయ్యేసరికి కిడ్నీలు వాటిని వెనక్కి లాక్కోవడం పెంచుతాయి, కండరాలు, మెదడు వాడుకోవడం కూడా కుదురుకుంటుంది. అందుకే రంగు పలచబడుతుంది. రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు తాగితే ఇంకా పలచబడుతుంది. విటమిన్ సి మాత్రలు బాగా వేసుకుంటే ఉన్న కీటోన్లు కూడా లేనట్టు చూపించొచ్చు.

దీనికి తోడు మన ఊళ్ల తేమ. చాలామంది సీసా మూత సరిగ్గా బిగించకుండా బాత్రూమ్ కిటికీలో పెట్టేస్తారు. ఆ స్ట్రిప్ చివర చిన్న గళ్లు ముంచకముందే గోధుమ రంగు తిరిగి ఉంటే ఇంక దాన్ని నమ్మక్కర్లేదు. సీసాలో ఉండే చిన్న పొట్లం పారేయకూడదు, మూత తీసిన వెంటనే బిగించాలి, రంగు కూడా డబ్బా మీద రాసిన సెకన్లకే చూడాలి. అయిదు నిమిషాలాగి చూస్తే ఏ స్ట్రిప్ అయినా ముదురుగానే కనపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పరగడుపున 0.6 అంటే మీరు కీటోసిస్‌లోనే ఉన్నారు. మామూలుగా అన్నం తినేవాళ్లకి 0.5 లోపే ఉంటుంది. 0.5 నుంచి 3 మిల్లీమోల్ అనే హద్దు స్టీఫెన్ ఫిన్నీ, జెఫ్ వోలెక్ అనే అమెరికా పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చింది. దాని అర్థం ఒళ్లు పిండి పదార్థం మీద కాకుండా కొవ్వు మీద నడుస్తోందని, అంతవరకే. ఆ కొవ్వు నడుము నుంచి వచ్చిందా, ఇప్పుడే తాగిన నూనె నుంచి వచ్చిందా అన్నది ఆ అంకెలో ఉండదు. పొయ్యి మీంచి వచ్చే పొగ చూసి అటక మీద కట్టెలు ఎన్ని తగ్గాయో చెప్పమంటే ఎలా?

మీ 1.8 కూడా నూనె పనే. కొబ్బరి నూనెలో కొంత భాగం మధ్యస్థ గొలుసు కొవ్వులు, అవి పేగు నుంచి నేరుగా కాలేయానికి పోయి అక్కడ చకచకా కీటోన్లు అయిపోతాయి. రీడింగ్ లేస్తుంది. మీ ఒంట్లో ఉన్న నిల్వ అక్కడే ఉంటుంది, దాని అవసరమే రాలేదు కదా.

భవానీపురం ఫిట్:

ల్యాబ్ అన్నా, ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. నేను ప్రాక్టికల్‌గా చూశా. 2 పైన ఉన్న వారాల్లోనే నాకు బరువు దిగింది, 0.5 ఉన్నప్పుడు ఆగింది. మా బ్యాచ్‌లో నలుగురికీ ఇంతే. శ్రీను బ్రో, కొవ్వు పెంచు, ప్రొటీన్ తగ్గించు, ప్రొటీన్ ఎక్కువైతే షుగర్‌గా మారిపోయి కీటోసిస్ నుంచి బయటికి వచ్చేస్తావ్. ఏడెనిమిదేళ్ల కిందట వీరమాచనేని గారి డైట్ ఊపులో ఉన్నప్పుడు మన విజయవాడలో ఇంటికొకరు కొబ్బరి నూనె తాగారు, తగ్గినవాళ్లు ఎంతమంది లేరు?

అరండల్‌పేట ల్యాబ్:

తగ్గినవాళ్లు ఉన్నారు తమ్ముడూ, కాదనట్లేదు. కానీ నువ్వు చెప్పిన వారాల్లో ఏం జరిగి ఉంటుందో చూడు. తిండి తక్కువ తిన్న వారం ఒంట్లో కొవ్వు ఎక్కువ కరుగుతుంది, కరిగితే కాలేయానికి సరుకు ఎక్కువ చేరుతుంది, కీటోన్లు పెరుగుతాయి. అంటే తగ్గడం వల్ల అంకె లేచింది. నువ్వు దాన్ని తిరగేసి అంకె లేవడం వల్ల తగ్గాననుకుంటున్నావు. నూనె తాగి అంకె లేపితే ఆ లంకె తెగిపోతుంది. బజారులో కీటోన్ పొడులు కూడా అమ్ముతున్నారు, అవి కలుపుకుని తాగితే అన్నం తిన్నవాడికి కూడా రీడింగ్ వస్తుంది, దాంతో వాడి పొట్ట తగ్గుతుందా?

ఇంకోటి, వ్యాయామం చేసేవాళ్లకి కండరాలు కీటోన్లని తినేస్తాయి కాబట్టి రీడింగ్ తక్కువ చూపించి బరువు బాగా దిగేవాళ్లూ ఉంటారు.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 2006లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 20 మందిని తీసుకుని సగం మందికి కీటోసిస్ వచ్చేంత తక్కువ కార్బ్ (పిండి పదార్థం), మిగతా సగానికి కీటోసిస్ రానంత మధ్యస్థంగా కార్బ్ పెట్టి ఆరు వారాలు చూశారు. కీటోన్లు మొదటి గుంపులోనే బాగా లేచాయి. బరువు మాత్రం వాళ్లు సగటున 6.3 కిలోలు, రెండో గుంపు 7.2 కిలోలు తగ్గారు, గణాంకాల లెక్కలో రెండిటికీ తేడా లేనట్టే. 2016లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కి చెందిన కెవిన్ హాల్ బృందం 17 మంది మగవాళ్లని పరిశోధన వార్డులోనే ఉంచి, బయట తిండి ముట్టనివ్వకుండా, నాలుగు వారాలు మామూలు తిండి, తర్వాత నాలుగు వారాలు అన్నే కేలరీల కీటో తిండి పెట్టింది. ఇన్సులిన్ పడిపోయింది, కీటోన్లు పెరిగాయి, ఒళ్లు ఖర్చు చేసే శక్తి గదిలో కొలిస్తే రోజుకి 57 కేలరీలే పెరిగింది. కొవ్వు కరిగే వేగం పెరగలేదు.

ప్రొటీన్ తగ్గించమనడం ఇంకా ప్రమాదం. బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా కాపాడేది అదే. ప్రొటీన్ నుంచి గ్లూకోజు తయారవడం నిజమే, అది ఒంటికి ఎంత కావాలో అంతే జరుగుతుంది, ఒక గుడ్డు ఎక్కువ తిన్నంత మాత్రాన కీటోసిస్ చెడిపోదు.

బ్రాడీపేట అక్క:

శ్రీను తమ్ముడూ, వీళ్లిద్దరూ అంకెల మీద కొట్టుకుంటున్నారు గానీ నీ తిండి లెక్క ఎవరూ వెయ్యలేదు. నేను వేస్తా చూడు. పెద్ద స్పూను నూనె అంటే 120 కేలరీల దాకా. పూటకి రెండు, మూడు పూటలా ఆరు, అక్కడికి 720. కాఫీలో బటర్ ఒక రెండు వందలు అనుకో. గుప్పెడు జీడిపప్పు అంటున్నావ్, మగవాళ్ల గుప్పెడు యాభై గ్రాములకి తక్కువుండదు, అదొక 280. ఇంకా ముద్ద నోట్లో పెట్టుకోకముందే 1200 అయ్యాయి! కుర్చీలో కూర్చునే మనిషికి రోజు మొత్తానికి 2300 ప్రాంతంలో సరిపోతుంది. మిగిలింది ఆమ్లెట్, వేపుడు, పనీర్, మటన్ కలిసి పూర్తి చేసేస్తాయి. ఇంక నడుములోంచి తీసుకోవాల్సిన ఖర్మ ఒంటికేంటి? పైగా జీడిపప్పులో పిండి పదార్థం కూడా తక్కువేం కాదు, వంద గ్రాముల్లో ముప్ఫై దాకా ఉంటుంది.

మొదట దిగిన అయిదు కిలోలు కూడా మొత్తం కొవ్వు అనుకోకు. కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ అర కిలో దాకా ఉంటుంది, ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానేస్తే అది ఖాళీ అవుతుంది, రెండు కిలోలు అక్కడే పోతాయి. ఒక పెళ్లి భోజనం చేశావంటే అవి రెండ్రోజుల్లో తిరిగొచ్చేస్తాయి, అప్పుడు మళ్లీ ఏడవకూడదు. నేను ఇది తెలిశాక తూకం రోజూ చూడడం మానేసి వారానికోసారి పొద్దున్నే బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకుంటున్నా. ఊపిరి బిగపట్టకుండా కొలవాలి, లేకపోతే టేపు కూడా అబద్ధమే చెప్తుంది.

నూనె ఎంత పోతోందో నీకు తెలియాలంటే వంట చేసేముందు సీసాని తూకం మెషీన్ మీద పెట్టు, అయ్యాక మళ్లీ పెట్టు. మా ఇంట్లో చేపల పులుసుకి పోయిన నూనె చూసి మా అత్తగారే నోరెళ్లబెట్టారు. గోంగూర పచ్చడి మీద తేలే నూనె, ఆవకాయ ఊట, ఇవన్నీ లెక్కలోవే. కర్రీ పాయింట్ కూరలైతే మరీ జాగ్రత్త. గ్రేవీ చిక్కగా రావాలని కొన్నిచోట్ల శనగపిండి, జీడిపప్పు ముద్ద, కాస్త పంచదార కూడా వేస్తారు, మనకి చెప్పరు. కంది పొడి, పప్పుల పొడి కలిపిన ఆమ్లెట్ తినేసి అన్నం ముట్టలేదు అనేవాళ్లని చూశాను, ఆ పొడి అంతా పప్పే కదా తల్లీ అంటే ముఖం మాడ్చుకుంటారు.

నువ్వు తాగే నూనె, బటర్ కాఫీ తీసెయ్. వేపుడుకి ఉన్న నూనె చాలు. కొవ్వు కావాలంటే నీ ఒంట్లో ఉన్న నిల్వ ఉందిగా, అది వాడనీ. ఆకుకూర, బీరకాయ, దొండకాయ, కాకరకాయ పళ్లెంలో సగం పెట్టుకో, గుడ్డు, చేప, కోడి మాత్రం తగ్గించకు. ఎండాకాలం మన దగ్గర చెమట సంగతి తెలిసిందే, కీటోలో ఉప్పు మూత్రంలో ఎక్కువ పోతుంది, కాళ్లు పట్టేసినా తల తిరిగినా ఒక గ్లాసు ఉప్పు మజ్జిగ పని చేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్‌ని అడిగే చెయ్యాలి.

కీటోతో నాకు దక్కింది ఆకలి తగ్గడం. సాయంత్రం ఆరింటికి బజ్జీల బండి దగ్గర ఆగాలనిపించేది, అది పోయింది. కీటో వల్ల లాభం అదే అని నా నమ్మకం. ఆకలి లేదు కాబట్టి తక్కువ తింటాం, తక్కువ తిన్నాం కాబట్టి తగ్గుతాం. ఆకలి లేనివాడికి గరిటెతో నూనె పోస్తే ఆ లాభం కాస్తా పోయినట్టే.

గవర్నర్‌పేట మందుల షాపు:

అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు, ప్రశ్నలో చివరి రెండు లైన్లు ఎవరికీ పట్టలేదు. శ్రీను గారూ, మీ నడుము వచ్చే నెల తగ్గినా ఫర్వాలేదు, ముందు మీ నాన్నగారిని ఆపండి.

డాపాగ్లిఫ్లోజిన్ అనేది షుగర్‌ని మూత్రంలోకి తోసేసే మందు. ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కూడా ఇదే జాతి. 2020లో మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయాక చాలా కంపెనీలు తయారుచేసి ధర బాగా దిగింది, ఇప్పుడు మా కౌంటర్‌లో పది షుగర్ చీటీలు వస్తే చాలావాటిలో అది కనిపిస్తుంది. మంచి మందే, గుండెకి, కిడ్నీకి కూడా మేలు చేస్తుంది. కానీ ఈ మందు వేసుకుంటేనే ఒళ్లు కొంచెం కీటోన్ల వైపు మొగ్గుతుంది, ఎందుకంటే షుగర్ బయటికి పోయి ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దానికి తోడు అన్నం మొత్తం మానేస్తే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు, అది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల జాతి మీద 2015లోనే హెచ్చరిక ఇచ్చింది.

ఇందులో అసలు మోసం ఏంటంటే షుగర్ రీడింగ్ పెద్దగా పెరగదు. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ మూడు వందలు, నాలుగు వందలు చూపించి ఇంట్లోవాళ్లు పరిగెడతారు. ఇక్కడ 180 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. షుగర్ బాగానే ఉందిగా, గ్యాస్ అయ్యుంటుందిలే అని సోడా తాగించి పడుకోబెడతారు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసంగా గబగబా ఊపిరి తీసుకోవడం, విపరీతమైన నీరసం, ఇవి గుర్తులు. యూరిన్ స్ట్రిప్ కూడా ఇక్కడ సరిగ్గా పట్టించకపోవచ్చు, పైన ల్యాబ్ వారు చెప్పిన కారణమే. రక్తంలో బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ చూస్తేనే తెలుస్తుంది.

అలాగని మాత్ర మీరే మానిపించెయ్యొద్దు. ఆయనకి గుండె కోసమో కిడ్నీ కోసమో రాశారేమో మనకి తెలియదు. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఇంకో ముప్పు, అన్నం ఒక్కసారిగా ఆపితే షుగర్ బాగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. ఏదైనా సరే, ముందు డాక్టర్ మందులు సర్దాకే తిండి మార్చాలి.

భవానీపురం ఫిట్:

ఈ మాత్ర విషయం నాకు తెలియదు సార్. మా బ్యాచ్‌లో ఒకాయనకి షుగర్ ఉంది, ఏం వాడుతున్నాడో ఈరోజే అడుగుతా. కానీ కీటోన్లు 2 ఉంటే బాగుంటుందన్న మాట మీద నేను ఉన్నా, తల క్లియర్‌గా ఉంటుంది, అది ఎవరు కాదన్నా ఒప్పుకోను.

అరండల్‌పేట ల్యాబ్:

తల క్లియర్‌గా ఉంటే ఉండనీ, దానికి నాకు అభ్యంతరం లేదు. నడుముతో ముడిపెట్టకు చాలు. అన్నట్టు ఎక్కువకాలం చేసేవాళ్లు మూడు నెలలకోసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి, కొందరికి చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పైకి పోతోంది. కీళ్ల నొప్పులు, గౌట్ ఉన్నవాళ్లు యూరిక్ యాసిడ్ కూడా చూపించుకోవాలి, మొదటి వారాల్లో అది పెరుగుతుంది.

పటమట శ్రీను:

అందరికీ థ్యాంక్స్. అక్కా, మీ లెక్క చూశాక ఈరోజు కాఫీలో బటర్ వెయ్యలేదు, నూనె సీసా మా అమ్మకి ఇచ్చేశా, ఆవిడ తలకి రాసుకుంటానంది. జీడిపప్పు మాత్రం ఒక్కసారిగా మానడం కష్టం, లెక్కపెట్టి పది పలుకులు అని పెట్టుకున్నా. నాన్నగారికి చెప్తే కాస్త అలిగారు, నువ్వు తగ్గొచ్చు గానీ నేను తగ్గకూడదా అని. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. అప్పటిదాకా ఆయన్ని ఏం తినమనాలి? మీటరు ఇంక నాకు అక్కర్లేదనిపిస్తోంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి, సగం స్ట్రిప్పులు అలాగే ఉన్నాయి.

భవానీపురం ఫిట్:

బ్రో మీటరు నాకిచ్చెయ్, సాయంత్రం వచ్చి తీసుకుంటా.

బ్రాడీపేట అక్క:

నాన్నగారిని అలగనివ్వకు తమ్ముడూ. రోజూ తినేదే తినమను, ఈలోపు నోరు కట్టేసుకోమనొద్దు. అన్నం గిన్నె కాస్త చిన్నది చెయ్యడం, కూర పెంచడం లాంటివి కూడా డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి. సాయంత్రం ఇద్దరూ కలిసి నడవండి, ఆయనకి తోడు దొరికినట్టూ ఉంటుంది.

గవర్నర్‌పేట మందుల షాపు:

మీటరు ఎవరికీ ఇవ్వొద్దు శ్రీను గారూ. మీ ఇంట్లో ఆ మాత్ర వేసుకునే మనిషి ఉన్నంతకాలం మీటరు ఇంట్లోనే ఉంచండి, స్ట్రిప్పుల గడువు తేదీ ఒకసారి చూసుకోండి. నాన్నగారికి జ్వరమో విరేచనాలో వచ్చి తిండి సరిగ్గా తినలేని రోజు చూడాలి. 1.5 దాటితే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, 3 దాటితే నేరుగా క్యాజువాలిటీకే. వాంతులు, ఆయాసం ఉంటే అంకె ఎంతున్నా వెళ్లిపోవాల్సిందే, వెళ్లగానే ఈ మాత్ర వాడుతున్నారని ముందు చెప్పండి, చీటీ కూడా పట్టుకెళ్లండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే కూడా అంతే, డాపాగ్లిఫ్లోజిన్ మూడు రోజుల ముందు నుంచి ఆపమంటారు, పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే ఈ మాత్ర పేరు చెప్పడం మర్చిపోవద్దు.